మాటలు అందని వేళ
(రేడియో ప్రసంగ పాఠం. వాక్యభాగం: నిర్గమకాండము 31వ అధ్యాయం, 1 నుండి 17 వచనాలు)

 

ఈ రోజు మీతో ఒక చిత్రమైన సంగతి పంచుకోవాలని ఆశపడుతున్నాను. పెన్‌పహాడ్‌లో మేముంటున్న ఇంటి వరండాలో గోడకు ఒక అట్టముక్క వేలాడుతుంటుంది. దాని మీద ఎర్రమట్టి రంగు, నల్లటి బొగ్గు చారలు, మధ్యలో ఒకచోట సున్నపు తెలుపు. అంతే. మనిషి లేడు, చెట్టు లేదు, పిట్ట లేదు. మా సంఘపెద్ద ఒకాయన దాన్ని చాలాసేపు చూసి, తల అటూ ఇటూ వంచి, "అయ్యగారూ, తప్పనుకోకుండ్రి. ఇదేం బొమ్మ? గుట్ట లెక్క లేదు, చెట్టు లెక్క లేదు" అన్నాడు. "బొమ్మ కాదు పెద్దయ్యా, ప్రార్థన" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు గాని, ఆయన ముఖం చూస్తే నా ఆరోగ్యం గురించి దిగులు పడ్డట్టే ఉంది.

ఆ పెద్దాయనకు ఆ రోజు సరిగా చెప్పలేకపోయిన జవాబును ఈ రోజు మీకు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ప్రియులారా, 2021 వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. కరోనా రెండవ కెరటం. మే 12 నుండి మన రాష్ట్రంలో లాక్‌డౌన్ పెట్టారు. మొదట్లో పొద్దున 6 గంటల నుండి 10 వరకే బయట తిరగనిచ్చారు. మందిరానికి తాళం. ఫోను మోగితే చాలు, గుండె జారిపోయేది. ఆ నెలలో మూడు వారాల్లో ఏడు సమాధి కార్యక్రమాలు జరిగించాను. నలుగురైదుగురు మనుషులు, ముఖాలకు గుడ్డలు, దూరం దూరంగా నిలబడి. ఒక అక్క భర్త హైదరాబాదు ఆసుపత్రిలో చనిపోతే, ఆమెకు ఆయన ముఖం చూసే భాగ్యం కూడా దక్కలేదు.

నేను సెమినరీలో చదువుకున్నవాణ్ణి. ఆదరణ వాక్యాలు నాకు కంఠతా వచ్చు. ఏ సమాధి దగ్గర ఏ వాక్యం చదవాలో తెలుసు. చదివాను. ప్రార్థించాను. కాని ఏడవ సమాధి దగ్గర నిలబడ్డప్పుడు నా మాటలు నాకే మ్రోగే కంచులాగా వినబడ్డాయి. ఇంటికొచ్చి తలుపు వేసుకొని మోకాళ్లూనాను. నోట ఒక్క మాట రాలేదు. మరుసటి రోజు కూడా రాలేదు. ఇతరుల కోసం రోజూ ప్రార్థించే పాస్టరు తన కోసం ప్రార్థించుకోలేకపోయాడు. ఈ సంగతి ఆ రోజుల్లో మా ఇంట్లో అమ్మగారికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం ఇంటి వెనుక చూస్తే, క్రిస్మసుకు గోడలకు వేయగా మిగిలిన జాజు, కాస్త సున్నం, నీలిమందు కనబడ్డాయి. కూలరు వచ్చిన అట్టపెట్టె ఒకటి పక్కనే ఉంది. ఎందుకు చేశానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. తుమ్మబంక నానబెట్టి జాజులో కలిపాను. పెట్టెను కోసి, పాత బ్రష్షు తీసుకొని రంగు పూయడం మొదలుపెట్టాను. ఏం వేయాలని అనుకోలేదు. ఒక్కొక్క సమాధి మనసులోకి వచ్చినప్పుడల్లా బొగ్గుతో ఒక్కొక్క చార గీశాను. అలా ఏడు చారలు. మధ్యలో ఒకచోట జాజు అయిపోయింది. అక్కడ సున్నమే మిగిలింది. లేచి చూసుకునేసరికి పొద్దు వాలింది. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి నిద్రపోయాను.

దీన్నే పెద్ద పట్టణాల్లో 'అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్' అంటారు. తెలుగులో నైరూప్య చిత్రం అంటాం. కంటికి కనబడే వస్తువు రూపాన్ని దించకుండా, రంగులు, గీతలు, ఆకారాలతోనే మనసులోనిదాన్ని చెప్పే చిత్రం. రష్యాలో పుట్టిన వాసిలీ కాండిన్స్కీ అనే ఆయన ఈ మార్గానికి దారి వేసినవారిలో ఒకడు. న్యాయశాస్త్రం చదివి, ముప్పయ్యేళ్ల వయసులో ఆ ఉద్యోగమార్గం వదిలి, 1896లో జర్మనీలోని మ్యూనిక్ నగరానికి బొమ్మలు నేర్చుకోవడానికి వెళ్లాడు. ఒక సాయంకాలం తన గదిలోకి రాగానే ఒక చిత్రం గొప్ప అందంతో వెలిగిపోతూ కనబడిందట. అందులో ఏముందో ఆయనకు అర్థం కాలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే, అది ఆయన వేసిన చిత్రమే, అడ్డంగా తిప్పి పెట్టి ఉంది. వస్తువు గుర్తు తెలియకపోయినా రంగు హృదయాన్ని తాకగలదని ఆయనకు అప్పుడు తోచింది. 1911 చివరలో కళలోని ఆత్మీయతను గూర్చి ఆయన ఒక పుస్తకమే ప్రచురించాడు.

"అయ్యగారూ, రష్యావాళ్ల సంగతులు మాకెందుకు" అంటారేమో. సరే, మన వాకిట్లోకి రండి. క్రిస్మసు రోజుల్లో మన అక్కచెల్లెళ్లు అలుకు చల్లి, చుక్కలు పెట్టి, గీతలు కలిపి ముగ్గు వేస్తారు. ఒక నక్షత్రం వేస్తారు, దాని చుట్టూ మెలికలు తిప్పుతారు. ఆ మెలికలను చూసి "ఇది దేని బొమ్మ?" అని ఎవరైనా అడుగుతారా? అడగరు. అందం చూసి సంతోషిస్తారు, తొక్కకుండా పక్క నుండి నడుస్తారు. నైరూప్య చిత్రం మనకు కొత్త కాదు ప్రియులారా. మన తల్లుల వేళ్లలో ఎప్పటినుండో ఉంది.

ఇప్పుడు వాక్యంలోకి వెళ్దాం. మూడు సంగతులు మీ ముందు పెడతాను.

మొదటిది, చేతి నైపుణ్యం దేవుని ఆత్మ ఇచ్చే వరం. నిర్గమకాండము 31లో దేవుడు మోషేతో ఒక మనిషి పేరు చెప్తున్నాడు. యూదా గోత్రికుడైన బెసలేలు. ఊరు కుమారుడు, హూరు మనుమడు. దేవుని ఆత్మతో నింపబడినవాడని బైబిలు పేరు పెట్టి మొట్టమొదట చెప్పింది ఎవరిని గూర్చి? ప్రవక్తను గూర్చి కాదు, రాజును గూర్చి కాదు, ప్రసంగీకుణ్ణి గూర్చి కాదు. బంగారం, వెండి, ఇత్తడి, రాళ్లు, చెక్కతో పనిచేసే ఒక చేతిపనివాణ్ణి గూర్చి. అతనికి తోడుగా దాను గోత్రికుడైన అహోలీయాబును కూడా దేవుడే ఇచ్చాడు.

"అయితే పది ఆజ్ఞల్లో రూపం చేయకూడదని ఉంది కదా" అని మీలో కొందరు అడుగుతారు. మంచి ప్రశ్న. నిర్గమకాండము 20లో దేవుడు నిషేధించింది, పైన ఆకాశంలోనిదాన్నో కింద భూమి మీదిదాన్నో రూపంగా చేసి దానికి సాగిలపడటాన్ని. అదే దేవుడు ఎనిమిది అధ్యాయాల తర్వాత, అహరోను నిలువుటంగీ అంచున దానిమ్మపండ్లు కుట్టించమన్నాడు. ఏ రంగుల్లో? నీలం, ఊదా, ఎరుపు. మన పొలాల్లో, మన బజారులో ఎక్కడైనా నీలం రంగు దానిమ్మపండు చూశారా? నేనైతే చూడలేదు. పండు ఉన్నది ఉన్నట్టు దించితే చాలు అని దేవుడు అనుకొని ఉంటే ఎర్ర దారం ఒక్కటే సరిపోయేది. ఆయన నీలం కూడా అడిగాడు. కంటికి కనబడేదాన్ని దాటి వెళ్లే స్వేచ్ఛను దేవుడు తన మందిరంలోనే ఆ చేతులకిచ్చాడు. మనం ఆ అంగీకి మొక్కం, ఆ దానిమ్మకు మొక్కం. మా వరండాలోని అట్టముక్కకు కూడా మొక్కం. దాన్ని చేసుకునే చేతిని ఇచ్చినవానికే మొక్కుతాం.

రెండవది, మాటలు లేని ప్రార్థనను దేవుడు వింటాడు. మనం ప్రొటెస్టెంటులం. మాట మీద నిలబడ్డ సంఘం మనది. వాక్యం, ప్రసంగం, సాక్ష్యం, కీర్తన. అది మన ధన్యత. కాని కష్టం ముదిరినప్పుడు మాట ఆగిపోతుంది. 77వ కీర్తనలో ఆసాపు, తాను మాట్లాడలేనంతగా కలవరపడ్డానని ఒప్పుకుంటాడు. హన్నాను చూడండి, 1 సమూయేలు మొదటి అధ్యాయం. ఆమె పెదవులు కదిలాయి గాని స్వరం వినబడలేదు. యాజకుడైన ఏలీ ఏమనుకున్నాడు? మత్తులో ఉందనుకున్నాడు! మందిరంలో ముసలివాడైన యాజకుడే ప్రార్థనను గుర్తుపట్టలేకపోయాడు. దేవుడు గుర్తుపట్టాడు. రోమా 8వ అధ్యాయంలో పౌలు, మనకు తగినట్టు ప్రార్థించడం తెలియనప్పుడు ఆత్మ తానే మాటల్లో పెట్టలేని మూలుగులతో మన పక్షాన వేడుకుంటాడని చెప్తున్నాడు. ఆ మూలుగుకు అక్షరాలు లేవు. ఆ మే నెలలో నా మూలుగుకు ఎర్రమట్టి రంగు, బొగ్గు నలుపు దొరికాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లాక్‌డౌన్ సడలించాక, భర్త ముఖం చూడలేకపోయిన ఆ అక్క మా ఇంటికి వచ్చింది. ఆమెతో ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. వరండాలో అట్టముక్కను చూసింది. "అయ్యగారూ, ఇది కాలిన చేను లెక్కున్నది" అంది. నేను చేను అనుకొని వేయలేదు. అయినా కాదనలేదు. కాసేపు నిలబడి, "ఆ తెల్లది ఎందుకు ఇడిసిపెట్టిండ్రు?" అని అడిగింది. నేను నిజమే చెప్పాను. "విడిచిపెట్టలేదమ్మా, అక్కడ జాజు అయిపోయింది" అన్నాను. ఆమె కొంచెం నవ్వింది. "అయిపోతే అయిపోయింది గని, అదే మంచిగున్నది" అంది. తర్వాత మెట్టు మీద కూర్చొని ఏడ్చింది. ఆయన చనిపోయాక ఆమె ఏడవడం అదే మొదటిసారని వాళ్ల అమ్మాయి నాకు తర్వాత చెప్పింది. ఆ రోజు నేను ప్రసంగం చేయలేదు, వాక్యం ఎత్తలేదు. మంచినీళ్లిచ్చి పక్కన కూర్చున్నాను. నా పరిచర్యలో నేను నోరు మూసుకొని చేసిన మంచి పని అదొక్కటే కావచ్చు.

మూడవది, ఈ పని విశ్రాంతికి పొరుగిల్లు. మనం చదువుకున్న అధ్యాయంలో బెసలేలు సంగతి 11వ వచనంతో ముగుస్తుంది. వెంటనే, 12వ వచనం నుండి దేవుడు విశ్రాంతిదినాన్ని గూర్చి మాట్లాడుతున్నాడు. మందిరం పని ఎంత పవిత్రమైనా, విశ్రాంతిని మింగేయకూడదు. 17వ వచనంలో దేవుడు ఆరు దినాల్లో భూమ్యాకాశాలను చేసి, ఏడవ దినాన విశ్రమించి సేదదీరాడని ఉంది. ఆ సేదదీరడానికి వాడిన హెబ్రీ మాటకు ప్రాణం, ఊపిరి అనే మాటతో సంబంధం ఉంది. అంటే, ఊపిరి తీసుకున్నాడన్నమాట. దేవుడే ఊపిరి తీసుకున్నాడని చెప్పడానికి వాక్యం సిగ్గుపడలేదు. మనమెందుకు సిగ్గుపడతాం? పాస్టరు వారం పొడుగునా తిరగాలి, తల్లి పొద్దంతా పొయ్యి దగ్గర ఉండాలి, పిల్లవాడు ఎప్పుడూ పుస్తకం పట్టుకోవాలి అనుకుంటాం. వారంలో ఒక అరగంట ఏ లాభమూ లేని పని ఒకటి చేతులతో చేసి చూడండి. లాభం లేని పనిలోనే మనిషికి ఊపిరి దొరుకుతుంది.

ప్రియులారా, ఈ మార్గంలో నాకంటే ముందు నడిచిన ఒక తెలుగు పాస్టరును మీకు పరిచయం చేయాలి. ఆయనే డాక్టర్ పి. సాల్మన్ రాజుగారు. 1921లో పుట్టి, 2019లో ప్రభువునందు నిద్రించారు. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిలో పాస్టరు. దేవదాసు అయ్యగారి బైబిలు మిషను గురించి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పరిశోధన చేసిన వేదాంతి. అంత చదువు చదివిన ఆయన చేతిలో ఎప్పుడూ మైనం, రంగు, చెక్క ఉండేవి. విజయవాడలో సెయింట్ లూక్స్ లలితకళా ఆశ్రమం నెలకొల్పారు. సువార్త రాసిన లూకా వైద్యుడే కాక చిత్రకారుడు కూడా అని సంఘంలో పాతకాలం నుండి ఒక నమ్మకం ఉంది. అందుకే కాబోలు ఆ పేరు. ఆయనవి నైరూప్య చిత్రాలు కావు; వాటిలో క్రీస్తు ఉంటాడు, మనుషులు ఉంటారు. ఆ చిత్రాల పక్కన ధ్యానాలు కూడా రాసి పుస్తకాలుగా అచ్చు వేయించారు.

ఆయన ఎక్కువగా చేసిన పనుల్లో బాతిక్ ఒకటి. అదెలా చేస్తారో తెలుసా? తెల్లగా ఉండాల్సిన చోట గుడ్డ మీద కరిగిన మైనం పూస్తారు. తర్వాత గుడ్డను రంగులో ముంచుతారు. మైనం ఉన్నచోట రంగు పట్టదు. మళ్లీ మైనం, మళ్లీ ఇంకో రంగు. చివరికి మైనం కరిగించి తీసేస్తే, లోపల దాగిన తెలుపు బయటపడుతుంది. ఇంకో విశేషం. మైనం ఎండి అక్కడక్కడ పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లలోకి రంగు దూరి, చిత్రకారుడు గీయని సన్నని గీతలు గుడ్డ మీద పడతాయి. వాటిని తప్పుగా ఎవరూ చూడరు. బాతిక్‌కు అందం ఆ గీతలే. మీ జీవితంలో పగుళ్లున్నాయా? మీరు అనుకోని గీతలు పడ్డాయా? రంగులో ఎన్నిసార్లు ముంచినా మీలో ఆయన కాపాడిన తెలుపు ఎక్కడో ఉంది. మా అట్టముక్క మీద ఆ అక్క కళ్లకు ముందు కనబడింది అదే.

అయితే ఒక హెచ్చరిక కూడా చెప్పకుండా ముగించలేను. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ 1971లో ప్రతిష్ఠించిన రోత్కో చాపెల్ అనే ధ్యానమందిరం ఉంది. దాని గోడలకు మార్క్ రోత్కో అనే చిత్రకారుడు వేసిన 14 పెద్ద చిత్రాలుంటాయి. నలుపు, చీకటి ఊదా రంగులు తప్ప మరేమీ లేవు. లోకమంతటి నుండి జనం వచ్చి ఆ చిత్రాల ముందు మౌనంగా కూర్చుంటారు, కొందరు కన్నీళ్లు కారుస్తారు. కాని ఆ మందిరం తలుపులు తెరవడానికి ఏడాది ముందే, 1970లో రోత్కో తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆయనకు తీర్పు తీర్చడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ చీకటి ఎంత బరువో దేవునికే తెలుసు. నేను చెప్పేది ఒక్కటే. రంగు ఓదార్చగలదు గాని రక్షించలేదు. చిత్రం కిటికీ వంటిది, ఇల్లు కాదు. మీలో ఎవరికైనా బ్రతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే, దయచేసి ఒంటరిగా ఉండొద్దు. ఇంట్లోవాళ్లకు చెప్పండి, మీ పాస్టరుకు చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. డాక్టరు దగ్గరికి వెళ్లడం విశ్వాసం లేకపోవడం కాదు.

మరి ఈ వారం ఏం చేద్దాం? ఆదివారం ఆరాధన అయ్యాక ఒక అరగంట తీసుకోండి. ఫోను పక్కన పెట్టండి. ఖరీదైన రంగులు అవసరం లేదు. జాజు, సున్నం, పసుపు, బొగ్గు, పిల్లల రంగుల డబ్బా, ఏదైనా సరే. "ఏం బొమ్మ వేయాలి?" అని ఆలోచించకండి. మీ హృదయం మీద బరువుగా ఉన్న ఒక మనిషినో ఒక సంగతినో దేవుని ముందు తలచుకోండి. ఆ బరువుకు ఏ రంగు తగునో ఆ రంగు తీసుకోండి. బాగుందా లేదా అని తూచకండి. అయ్యాక వెనుక తేదీ రాయండి, ఎవరి కోసం వేశారో రాయండి. ఎవరికీ చూపించనక్కరలేదు. ఏడాది తర్వాత తీసి చూడండి. దేవుడు ఎక్కడి నుండి ఎక్కడికి నడిపించాడో ఆ వెనుక పేజీలే మీకు సాక్ష్యం చెబుతాయి. రంగులు చేతకాదంటారా? కుట్టుపని చేయండి, బుట్ట అల్లండి, ముగ్గు వేయండి.

చివరిగా ఒక్క మాట. యోహాను సువార్త 8వ అధ్యాయంలో, గుంపు మధ్య ఒక స్త్రీ నిలబడి ఉంది. అందరూ ప్రభువును జవాబు చెప్పమని నిలదీస్తున్నారు. అప్పుడు మన ప్రభువు ఏం చేశాడు? వంగి, వేలితో నేల మీద రాశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఏం రాశాడో ఏ సువార్తికుడూ చెప్పలేదు. మాటలు రాళ్లయిన చోట ఆయన వేలు మట్టిలో మౌనంగా కదిలింది. ఆ మౌనంలో గుంపు చల్లబడింది, ఒక ప్రాణం నిలిచింది. మా సంఘపెద్ద మళ్లీ వచ్చి ఇదేం బొమ్మ అని అడిగితే ఈసారి ఈ అధ్యాయం తెరిచి చూపిస్తాను.

ప్రార్థన చేసుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, మాటలు వచ్చినప్పుడు మాటలతో, రానప్పుడు మా చేతులతో నీ దగ్గరికి వస్తున్నాము. ఈ మాటలు వింటున్న వారిలో ఎవరి దుఃఖం ఇంకా గొంతులోనే ఆగిపోయిందో నీకు తెలుసు. వారి మూలుగును ఆలకించుము. అలసిన సేవకులకు, తల్లులకు, బిడ్డలకు ఊపిరి తీసుకొనే వేళను దయచేయుము. మా చేతిపనిని స్థిరపరచుము. దానిని విగ్రహం కానియ్యక, నీ దగ్గరికి త్రోవగా ఉంచుము. యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు కృప మీ అందరికీ తోడైయుండునుగాక.